టీకా రోజు తలంటు పోసుకున్నాను

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ధైర్యవచనాలు లేవు. "పాజిటివ్‌గా ఆలోచించండి" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మామూలు మనుషులకు ఆ మాట మాటవరసకే. నాకు నిజంగానే మండుతుంది, దద్దుర్లు కూడా లేస్తాయి.

నా జబ్బు మాస్ట్ కణాలకు సంబంధించింది. అందరి ఒంట్లోనూ ఉండే కణాలే. పడనిదేదైనా లోపలికొస్తే అవి కొన్ని రసాయనాలను వదిలి ఒంటిని హెచ్చరిస్తాయి. నావి అవసరం ఉన్నా లేకపోయినా వదులుతాయి. మా ఇంటి హాలు సీలింగుకు పొగ అలారం ఉంది. పోపులో రెండు ఎండుమిరపకాయలు వేస్తే చాలు, కొంపలంటుకున్నట్టు అరుస్తుంది. మా ఆయన మురళి తువ్వాలు పట్టుకుని దాని కింద విసురుతూ నిలబడతారు. నా ఒళ్లంతా ఆ అలారమే. తువ్వాలు విసిరే పని మాత్రలది.

2019, చలికాలం

భూగోళానికి దక్షిణపు కొసన, చలిలో ఉన్న ఈ ఇన్వర్‌కార్గిల్‌ ఊరికి వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. మా ఆయన రోడ్ల ఇంజినీరు. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, ఇక్కడికొచ్చాక మళ్లీ ఒక కోర్సు చేసి, ఒక రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్ల చేత పాటలు పాడించే, కుట్లు కుట్టించే, పోట్లాడుకోకుండా చూసే ఉద్యోగంలో చేరాను. ఉన్నట్టుండి మొహం ఎర్రబడటం, కడుపులో మెలిపెట్టడం, కళ్లు తిరగడం రెండేళ్లుగా ఉంది. మెనోపాజ్ అన్నారు, టెన్షన్ అన్నారు. "మీరు కాస్త కోపం తగ్గించుకోవాలి" అని కూడా ఒకాయన అన్నాడు. ఆయనకు నా కోపం అప్పుడే చూపించాను.

చివరికి దూరపు ఊళ్లో ఇమ్యునాలజీ డాక్టరుగారు ఈ జబ్బును పట్టుకున్నారు. చర్మం మీద పరీక్ష చెయ్యాలని, కొన్ని రోజుల ముందునుంచి అలర్జీ మాత్రలు ఆపి రమ్మన్నారు. మాత్ర వేసుకుంటే పరీక్షలో ఏమీ కనబడదట. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను అవసరానికి మించి గుర్తుపెట్టుకున్నాను.

ఆయనే ఒక కాగితం ఇచ్చారు. జబ్బును రెచ్చగొట్టేవి: వేడి, హఠాత్తుగా చలి, చర్మానికి ఒరిపిడి, ఖాళీ కడుపు, కొన్ని నొప్పి మాత్రలు, ఘాటు వాసనలు, కోపం. దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించాం. "కోపం" దగ్గర మా ఆయన పసుపు పెన్నుతో గీత గీశారు. వేడి అంటే ఎండ అనుకున్నాను, ఇన్వర్‌కార్గిల్‌లో ఎండెక్కడిది? ఒరిపిడి అంటే బిగుతు బట్టలు అనుకున్నాను. శుక్రవారం తలంటు తర్వాత ఒళ్లు ఎర్రబడితే సున్నిపిండి బాగా పనిచేసిందని మురిసిపోయేదాన్ని.

రెస్ట్ హోమ్‌లో తొంభై ఏళ్ల ఐరిస్ అనే ఆవిడ ఉండేది. మాటకు మాట అనడంలో నాకు సరిజోడు. పొద్దున్నే గదినిండా లావెండర్ స్ప్రే కొట్టుకోవడం ఆవిడకున్న ఒకే ఒక్క విలాసం. నాకు పడదని ఎవరో చెప్పారట. నా డ్యూటీ ఉన్న రోజుల్లో కొట్టుకోవడం మానేసింది. నేను థాంక్స్ చెప్పబోతే, "నీ కోసం కాదులే. నా కార్పెట్ మీద పడి చస్తే ఎవరు తుడుస్తారు?" అంది.

2020, మార్చి నుంచి

లాక్‌డౌన్ మొదటి వారం సూపర్‌మార్కెట్ బయట లైన్లో నిలబడ్డాను. చలిగాలిలోంచి లోపలికి అడుగుపెట్టగానే వెచ్చదనానికి మొహం కుంకుమైపోయింది. వెనకాల ఉన్నావిడ ట్రాలీని రెండు గజాలు వెనక్కి లాగి, "జ్వరం ఉన్నవాళ్లు ఇంట్లో ఉండాలి" అంది గాలితో చెబుతున్నట్టు.

"జ్వరం కాదు, ఇది నా మొహం" అన్నాను.

తర్వాత కారులో కూర్చుని పది నిమిషాలు ఏడ్చాను. ఏడుపు కూడా నాకు పడదు.

ఫార్మసీలో మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చేవాళ్లు కాస్తా నెలకే ఇవ్వడం మొదలుపెట్టారు. అందరికీ అంతే. ఇంట్లో ఎన్ని రోజులకు మాత్రలున్నాయో నాకు నోటికి వచ్చేది. ఈ వైరస్ నాలాంటివాళ్లను ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. డాక్టరుగారు ఫోన్లో, "ఇప్పటివరకు అంత భయపడాల్సిందేమీ కనబడలేదు. కానీ తెలియదన్నది నిజం" అన్నారు. ఆ ఒక్కమాటకు ఆయన మీద నమ్మకం కుదిరింది. దద్దుర్లకు ఫోటోలు తీసి పంపడం మా అమ్మాయి హారిక పని. "మమ్, కదలకు. ఫోకస్ పోతోంది" అని పదిహేనేళ్ల పిల్ల నా వీపును పెళ్లి ఫోటోలు తీసినంత శ్రద్ధగా తీసేది.

ఊళ్లో తెలుగు కుటుంబాలు ఇరవై ఉంటాయేమో. అందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు, దానికి పెద్ద సుజాత. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది, ఆస్తమా మనిషి, మంచిది, ఏది విన్నా కడుపులో దాచుకోలేదు. మిరియాలు, శొంఠి, లవంగాలు వేసి కషాయం కాచి, సీసాలో పోసి, మా లెటర్‌బాక్స్ మీద పెట్టి వెళ్లింది. రెండు గుక్కలు తాగానో లేదో చెవులు సలసలా కాగిపోయాయి. ఫోన్ చేశాను.

"ఏమే, వైరస్ వచ్చేలోపు నువ్వే పంపించేద్దామనుకున్నావా?"

"అదేంటక్కా! మా అందరికీ బాగా పనిచేసింది."

"జబ్బే లేనివాళ్లకు ఏదైనా పనిచేస్తుందే."

అలిగింది. మర్నాడు లెటర్‌బాక్స్ మీద పెరుగన్నం ఉంది. మిరపకాయ లేదు, పోపు లేదు, ఉప్పు మాత్రమే.

2021, సెప్టెంబరు

టీకా వచ్చింది. నాలాంటివాళ్లు ఆసుపత్రిలోనే వేయించుకోవాలి, వేశాక రెండు గంటలు అక్కడే కూర్చోవాలి. డాక్టరుగారు ఫోన్లో వివరంగా చెప్పారు, ఉత్తరం కూడా పంపారు. అందులో స్పష్టంగా ఉంది, "మీ రోజువారీ మందులు తప్పకుండా వేసుకుని రండి" అని.

నేను చదివాను. చదివి, నమ్మలేదు.

నా వాదన ఇది. 2019లో పరీక్షకు ముందు మాత్రలు ఆపించారు. వేసుకుంటే ఒళ్లు నిజం చెప్పదన్నారు. మరి మాత్రలు వేసుకుని టీకా వేయించుకుంటే, అది నాకు పడిందో లేదో ఎలా తెలుస్తుంది? రెండు గంటలు బాగానే ఉండి, ఇంటికొచ్చి మాత్ర బలం దిగాక పడిపోతే? ఆసుపత్రిలో ఉన్నప్పుడే తేలిపోవాలి. ఉత్తరంలో ఆ వాక్యం అందరికీ పెట్టేదే అయ్యుంటుంది. కెమిస్ట్రీ చదివినదాన్ని, ప్రయోగం ఎలా చెయ్యాలో నాకు తెలియదా? మూడు రోజుల ముందు మాత్రలు ఆపేశాను. ఇంట్లో చెప్పలేదు. చెబితే వాదించాల్సి వస్తుంది.

అపాయింట్‌మెంట్ శుక్రవారం పొద్దున. ఏ మంచిపనికి వెళ్లినా తలంటు పోసుకుని వెళ్లాలి. పరీక్షల రోజున మా అమ్మ కుంకుడుకాయ రసంతో తల రుద్ది రుద్ది పంపేది. మార్కులన్నీ ఆ రుద్దుడువల్లే వచ్చాయని ఆవిడ నమ్మకం. బయట గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. వేడినీళ్లు పొగలు కక్కేలా పెట్టుకుని, సున్నిపిండితో ఒళ్లంతా తోముకుని, తలారబెట్టుకుని, దీపం పెట్టి, ఏమీ తినకుండా బయల్దేరాను. రక్తపరీక్షలకు ఖాళీ కడుపుతో వెళ్లి వెళ్లి అదే అలవాటైపోయింది. దారిలో పార్కింగ్ ఎక్కడ చెయ్యాలన్న విషయం మీద మా ఆయనతో పోట్లాట.

ఫ్రిజ్ మీద కాగితంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా చేసుకుంటూ వెళ్లానన్నమాట. నొప్పి మాత్ర ఒక్కటే తక్కువైంది.

తోడు వచ్చినవాళ్లను లోపలికి రానివ్వడం లేదు. మా ఆయన కారులోనే ఉండిపోయారు. లోపల దూరం దూరంగా ఆరు కుర్చీలు, హీట్‌పంప్ వేడిగాలిని నా మొహం మీదికే ఊదుతోంది. మొదట అరచేతులు దురద పెట్టాయి. భయంవల్ల అనుకున్నాను. తర్వాత మాస్కు లోపల మొహం ఉడికినట్టయింది. కడుపులో ఎవరో బట్ట పిండుతున్నట్టు. ఎదురుగా టీవీలో ఎవరో మాట్లాడుతున్నారు, గొంతు దూరం దూరంగా పోతోంది.

జూన్ అనే నర్సు నా దగ్గరికొచ్చి వంగి చూసింది. ఆరడుగుల మనిషి, ఈ దక్షిణం వాళ్లందరిలాగే 'ర'ను నాలుక మీద దొర్లించి మాట్లాడుతుంది.

"బాగున్నావా, డియర్?"

"బాగున్నాను. నా పేరు ఎప్పుడు పిలుస్తారు?" అని గద్దించడానికి లేచాను.

లేవడం వరకే గుర్తుంది. తర్వాత పైన సీలింగు, తొడలో సూది దిగిన నొప్పి, ఎత్తి పెట్టిన కాళ్లు, గుండె గుర్రంలా పరుగు. చచ్చిపోతున్నానన్న భయం పుస్తకాల్లో రాసినట్టు ఉండదు. అమ్మాయి స్కూలు పర్మిషన్ కాగితం మీద సంతకం పెట్టలేదే అన్నదొక్కటే గుర్తొచ్చింది.

కాస్త తేరుకున్నాక, ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి అన్నాను. "చూశారా? నేను చెప్పలా? నాకు టీకా పడదు."

జూన్ నా చెయ్యి వదల్లేదు. "టీకా ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది, డియర్. నిన్నింకా పిలవనే లేదు."

నేను చాలామందితో వాదించి నోరు మూయించాను. ఆ మాటకు మాత్రం ఆక్సిజన్ మాస్కు మళ్లీ మూతికి పెట్టుకున్నాను.

పొద్దున్నుంచి ఏం చేశావో వరసగా చెప్పమని అడిగి రాసుకుంది. వేడినీళ్లు. తోముకోవడం. మంచు. ఖాళీ కడుపు. పోట్లాట. మాత్రలు దగ్గర పెన్ను ఆపి నా వైపు చూసింది. తిట్టలేదు. తిడితే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

"నిన్ను పది నిమిషాలు ముందు పిలిచి ఉంటే ఏమయ్యేదో ఆలోచించావా?" అని మాత్రం అడిగింది.

సాయంత్రం దాకా అక్కడే ఉంచారు. అదే ఆలోచించాను. సూది పడ్డాక పడిపోయి ఉంటే, టీకా నన్ను చంపబోయిందని చచ్చేదాకా నమ్మేదాన్ని. నమ్మి ఊరుకునేదాన్ని కాదు, ఊరందరి చేతా నమ్మించేదాన్ని.

2021, అక్టోబరు

ఆ పని నేను చెయ్యక్కర్లేకుండానే జరిగిపోయింది. నేనింకా ఆసుపత్రిలో ఉండగానే సుజాత ఫోన్ చేస్తే మా ఆయన కంగారులో, "టీకాకని వెళ్లింది, పడిపోయింది" అన్నారట. గంటలో గ్రూపులో మెసేజ్: "శ్యామలక్కకు టీకా పడలేదు. సీరియస్. అందరూ ఆలోచించుకోండి." కింద దండాల బొమ్మలు.

మా ఇంట్లో సంగతి వేరు. నా ఉద్యోగంలో ఉన్నవాళ్లంతా నవంబరు మధ్యకల్లా టీకా వేయించుకోవాలని రూలు వచ్చింది. లేకపోతే ఇంటికే. మినహాయింపు దొరకడం అంత తేలిక కాదు. దొరికినా, వైరస్ నాకు మినహాయింపు ఇవ్వదుగా.

"మానెయ్ శ్యామలా. ఉద్యోగం లేకపోతే ఏమవుతుంది?" అన్నారు మా ఆయన.

"ఇంట్లో మీతో పోట్లాడి రోజుకోసారి పడిపోతాను."

"నవ్వులాట కాదు. వాళ్లు ఫోన్ చేస్తే కారు దిగి పరిగెత్తుకొచ్చాను, నిన్ను స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే కిటికీలోంచి చూశాను. నన్ను లోపలికి రానివ్వలేదు." ఇరవై రెండేళ్లలో ఆ గొంతు నేను రెండోసారి వినడం. "నాకు చెప్పకుండా మాత్రలు ఎలా ఆపావు?"

మాత్రల డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

అసలు సంగతి గ్రూపులో రాయమని హారిక రోజూ పోరేది. "మమ్, జస్ట్ టెల్ దెమ్. వన్ సెంటెన్స్." ఒక్క వాక్యమే. "తప్పు నాది" అని టైపు చెయ్యడం, చెరిపెయ్యడం. వారం గడిచింది. ఎవరికీ కొంప మునగలేదుగా అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఎనిమిదో రోజున సుజాత పరామర్శకు వచ్చింది. వంటింట్లో కూర్చుని, ఆయాసం మధ్యలో ఇన్‌హేలర్ పీల్చుకుంటూ అంది.

"నేనూ క్యాన్సిల్ చేసేసుకున్నానక్కా. నీలాంటి గట్టి మనిషికే అలా అయితే నేనెంత? నిన్ను చూసే మానేశాను."

స్టవ్ కట్టేశాను. ఆస్తమా మనిషి. ఈ వైరస్ వస్తే ఊపిరితిత్తుల మీదే పడేది. నా అహం కోసం దీన్ని బలిపెట్టేట్టున్నాను.

"నాకసలు టీకా వెయ్యలేదే" అన్నాను.

"ఆఁ?"

"వెయ్యకముందే పడిపోయాను. మాత్రలు ఆపేసి, సలసల కాగే నీళ్లతో తలంటు పోసుకుని, ఖాళీ కడుపుతో వెళ్లాను. అంతా నా చేతులారా చేసుకున్నదే."

నోరు తెరుచుకుని చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చి, మళ్లీ ఇన్‌హేలర్ పీల్చింది. "తలంటా? సూది వేయించుకోవడానికి తలంటా? పెళ్లిచూపులకు వెళ్లావా?" ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. "వారం నుంచి ఎందుకు చెప్పలేదు? నేను నలుగురికి చెప్పానక్కా. వాళ్లూ మానేసి ఉంటే?"

"నిజమేంటో అడక్కుండా గ్రూపులో పెట్టింది నువ్వు కదే!"

"పెట్టాను. నువ్వు చూశావు. చూసి ఊరుకున్నావు."

అది నిజం. అక్కడే, దాని ఎదురుగానే, గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. చెరపడానికి వీల్లేకుండా. "నేను శ్యామలను. నాకు టీకా వెయ్యనేలేదు. డాక్టరు వేసుకోమన్న మందులు నా తెలివితేటలతో మానేసి పడిపోయాను. నా పేరు చెప్పుకుని ఎవరూ మానొద్దు. మీకేదైనా జబ్బుంటే మీ డాక్టర్ని అడగండి, నన్ను కాదు." నలభై సెకన్లు. నా జీవితంలో ఇంత పొడుగు ఉపన్యాసం ఇవ్వలేదనిపించింది.

రెండోసారి అపాయింట్‌మెంట్ రెండు వారాల తర్వాత. ఈసారి సుజాత కూడా అదే పొద్దున, అదే చోట బుక్ చేసుకుంది. ముందు రాత్రీ పొద్దునా మాత్రలు మా ఆయన తన చేత్తో ఇచ్చి, మింగేదాకా నిలబడ్డారు. కడుపునిండా ఉప్మా. స్నానం లేదు. యాభై ఏళ్ల జీవితంలో స్నానం చెయ్యకుండా మంచిపనికి గడప దాటడం అదే మొదటిసారి. దారి పొడవునా నా వాసన నాకే వస్తున్నట్టుంది. పార్కింగ్ ఎక్కడ చేసినా నోరెత్తలేదు.

జూన్ ఉంది. "ఈ రోజు ఏమేం చేశావు?" అని అడిగింది.

"ఏమీ చెయ్యలేదు. స్నానం కూడా."

"నా ఉద్యోగంలో ఇంత మంచి వార్త వినలేదు" అని సూది వేసి, పడిపోతే తొడలో పొడిచే అడ్రినలిన్ పెన్ను ఒకటి నా కుర్చీ పక్కన పెట్టి, ఎదురుగా తన కుర్చీ వేసుకుని కూర్చుంది.

పది నిమిషాలకు చెంపలు వెచ్చబడ్డాయి. జూన్ నాడి చూసింది, చూశాక కూడా చెయ్యి తియ్యలేదు. రెండు కుర్చీల అవతల సుజాత కళ్లు మూసుకుని ఏదో స్తోత్రం గొణుగుతోంది. ఇరవై నిమిషాలకు చెంపలు చల్లబడ్డాయి. గంట. గంటన్నర. తన టైము ఎప్పుడో అయిపోయినా సుజాత వెళ్లలేదు. "నేను దూరంగానే కూర్చుంటాను" అని అడిగి ఉండిపోయింది. రెండు గంటలకు జూన్ టీ, రెండు బిస్కెట్లు తెచ్చిపెట్టింది. కారులో మా ఆయన స్టీరింగు మీద తలపెట్టుకుని ఉన్నారు. నేను అద్దం మీద కొడితే ఉలిక్కిపడి, నా మొహం ఎరుపు ఎంతుందో చూసి, మళ్లీ తల స్టీరింగు మీద పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నేను అవతలి వైపు చూస్తూ నిలబడ్డాను.

2022, మార్చి, ఆ తర్వాత

వైరస్ మా ఇంటికీ వచ్చింది, హారిక స్కూలు నుంచి తెచ్చింది. అప్పటికి నాకు అన్ని డోసులూ అయ్యాయి. ఆరు రోజులు నానా అవస్థ పడ్డాను. దద్దుర్లు, ఆయాసం, మంచం మీంచి లేస్తే గది తిరగడం. మాత్రలు ఒక్క పూట ఆపలేదు. తోచిన నొప్పి మాత్ర మింగలేదు, ఏది వేసుకోవచ్చో ఫోన్ చేసి అడిగాను. నాకిచ్చిన అడ్రినలిన్ పెన్ను దిండు పక్కనే ఉంది, దాని అవసరం రాలేదు. ఇంకో ఏడాది ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తెలియదన్నది నిజం.

మూడు వారాలకు డ్యూటీకి వెళ్తే ఐరిస్ గదిలో లావెండర్ వాసన లేదు. "బతికే ఉన్నావన్నమాట. ఈ మూడు వారాలూ హాయిగా కొట్టుకున్నాను" అంది. కిటికీ అప్పటికే తీసి ఉంది.

నా జబ్బే ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక్కటే చెబుతాను. మన ఒళ్లు మనకు బాగా తెలుసన్న మాట సగమే నిజం. ఒంట్లో ఏం జరుగుతోందో నాకు తెలుస్తుంది. ఎందుకు జరుగుతోందో నాకు తెలుసనుకోవడం దగ్గరే నేను బోర్లా పడ్డాను. ఇప్పటికీ ఉత్తరాలతో వాదిస్తాను. కాకపోతే ఫోన్ చేసి వాదిస్తాను.

ఈ మధ్య సుజాతకు బూస్టర్ వచ్చింది. తోడు రమ్మని ముందురోజు ఫోన్ చేసింది.

"అక్కా, ఒక డౌటు. రేపు స్నానం చెయ్యొచ్చా?"

"శుభ్రంగా చేసి రావే. పక్కన కూర్చోవాల్సింది నేను."